గుడ్‌హోప్ అగ్రానికి ఒక రోజంతా ఇవ్వండి

దక్షిణాఫ్రికా యాత్రలు నడుపుతున్న తెలుగు టూర్ నిర్వాహకులకు,

నమస్కారం.

కిందటి నవంబరులో మా ఆవిడా నేనూ మీలో ఒకరి ద్వారానే కేప్‌టౌన్ వెళ్లొచ్చాం. ఏ సంస్థ అన్నది ఇక్కడ అనవసరం. తిరిగొచ్చాక తెలిసినవాళ్ల దగ్గర మరో నాలుగైదు సంస్థల ప్లాన్ కాగితాలు అడిగి తెప్పించుకుని చూశాను. కేప్‌టౌన్ దగ్గరకొచ్చేసరికి అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. అందుకే ఈ ఉత్తరం మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

ఆ కాగితాల్లో మూడో రోజో నాలుగో రోజో ఇలా ఉంటుంది: పొద్దున హౌట్ బేలో పడవెక్కి సీల్స్‌ని చూడటం, చాప్‌మన్స్ పీక్ రోడ్డు మీద ఫొటోలు, మధ్యాహ్నం గుడ్‌హోప్ అగ్రం, సాయంత్రం బౌల్డర్స్ బీచ్‌లో పెంగ్విన్లు, చీకటి పడేలోగా హోటల్. కేప్‌టౌన్ నుంచి అగ్రానికి సుమారు 60 కిలోమీటర్లు. నేషనల్ పార్కు గేటు దాటాక కూడా పది కిలోమీటర్లకు పైగా లోపలికి వెళ్లాలి. ఈ లెక్కన అక్కడ బస్సు దిగి నేల మీద నిలబడటానికి ఎంతసేపు మిగులుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. మాకు ఇరవై అయిదు నిమిషాలు మిగిలింది.

ఆ ఇరవై అయిదు నిమిషాలు ఎలా గడిచాయో చెబుతాను. నీళ్ల ఒడ్డునే ఒక చెక్క బోర్డు ఉంటుంది. దాని మీద గుడ్‌హోప్ అగ్రం అని ఇంగ్లీషులో, ఆఫ్రికాన్స్‌లో పేరూ, అక్షాంశ రేఖాంశాలూ రాసి ఉంటాయి. ఆ బోర్డు వెనక నిలబడి ఫొటో దిగడానికి క్యూ. మా ముందు మూడు బస్సుల జనం ఉన్నారు. మా వంతు వచ్చేసరికి పద్దెనిమిది నిమిషాలైంది. ఫొటో దిగి, కొండ వైపు తిరిగి ఇంకా సరిగ్గా చూడకముందే డ్రైవరు హారన్ కొట్టాడు. మాతో వచ్చిన డెబ్భై దాటిన పెద్దాయన ఒకరు బస్సు మెట్టు ఎక్కుతూ ఆగి, ‘ఇదేనా బాబూ అగ్రం?’ అని గైడ్‌ని అడిగారు. ‘ఇదే సార్, ఎక్కండి, లేటవుతోంది’ అన్నాడతను. అతని తప్పని నేననను. అతని చేతిలో ఉన్న కాగితం అలా ఉంది.

నేను ముప్ఫై ఒక్క ఏళ్లు హైస్కూలు పిల్లలకు సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఆఫ్రికా పటం చూడకుండా బోర్డు మీద గీసేవాణ్ని. ఎడమ పక్కన ఉబ్బెత్తు, కుడి పక్కన కొమ్ము, కిందికి వచ్చేకొద్దీ సన్నబడి, చివర్లో చాక్‌పీసు ఒక్క క్షణం ఆపి చిన్న చుక్క పెట్టేవాణ్ని. ‘ఇది గుడ్‌హోప్ అగ్రం. 1488లో బార్తొలొమియో డయాస్ దీన్ని చుట్టి వచ్చాడు. తుఫానుల అగ్రం అని ఆయన పేరు పెడితే, ఇండియాకు దారి దొరుకుతుందన్న ఆశతో పోర్చుగల్ రాజు రెండో జాన్ దాన్ని గుడ్‌హోప్‌గా మార్చాడని చెబుతారు’ అని ఏటా అదే మాట. మీ బస్సుల్లో కూర్చునేవాళ్లలో చాలామంది ఆ చుక్కను ఏదో ఒక మాస్టారి దగ్గర నేర్చుకున్నవాళ్లే. వాళ్లు ఇంతదూరం డబ్బు పోసి వచ్చేది ఆ చుక్క మీద కాలు పెట్టాలనే.

వాస్కో డ గామా 1497లో ఇక్కడికి వచ్చింది కూడా నవంబరులోనే. ఆ నెల 18న అగ్రం కంటబడింది. ఎదురుగాలి వల్ల దాటలేక సముద్రంలోకి వెళ్తూ, మళ్లీ ఒడ్డు వైపు తిరుగుతూ ఉండి, చివరికి 22న దాటాడు. కళ్లెదుట కనబడుతున్న రాతిని దాటడానికి నాలుగు రోజులు. మర్నాడు ఆ గాలిలో నేనే నిలబడేదాకా, ఆ నాలుగు రోజులంటే ఏమిటో నాకు నిజంగా తెలియదు. ముప్ఫై ఒక్క ఏళ్లు అది నా పాఠంలో ఒక వాక్యం మాత్రమే.

మర్నాడు అన్నాను కదా. ప్లాన్‌లో ఆ రోజు ‘షాపింగ్, విశ్రాంతి’ అని ఉంది. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. మా ఆవిడే అంది, ‘ఏమండీ, మళ్లీ ఈ జన్మలో వస్తామో రామో, రేపు మనమే ఒక కారు మాట్లాడుకుని వెళ్దాం’ అని. పొద్దున్నే బయలుదేరి, గుడ్‌హోప్ అగ్రం పక్కనే ఉన్న కొండకొమ్ము కేప్ పాయింట్ దగ్గర కారు పార్కింగ్‌లో దిగాం. తలుపు తెరవబోతే గాలి వెనక్కి నెట్టింది. డ్రైవరు దిగి వచ్చి బయటి నుంచి పట్టుకుంటే గానీ మా ఆవిడ దిగలేకపోయింది. వసంతం చివర నుంచి వేసవంతా అక్కడ ఆగ్నేయం నుంచి వీచే గాలి అది. కేప్‌టౌన్ వాళ్లు దాన్ని కేప్ డాక్టర్ అంటారట, ఊరి మీది చెడుగాలిని ఊడ్చుకుపోతుందని. కొంగు నడుముకు బిగించి, మీద శాలువా కట్టుకుని, ఇద్దరం చేతులు పట్టుకుని నడిచాం.

ఆ పార్కింగ్ నుంచి గుడ్‌హోప్ అగ్రం పైకి చెక్క పలకల బాట, మెట్లు ఉన్నాయి. మామూలుగా నడిచేవాళ్లకు గంటలోపు దారి. మేం ఆగుతూ వెళ్లాం కాబట్టి గంటన్నర పట్టింది. ఆ బాట మీద నుంచి చూస్తే గానీ అగ్రం అంటే ఏమిటో తెలియదు. కింద బోర్డు దగ్గర నిలబడితే అది మామూలు రాళ్ల ఒడ్డులాగే ఉంటుంది, ఎందుకంటే మనం దాని పాదాల దగ్గర ఉంటాం. పై నుంచి చూస్తే ఇసుకరాయి పొరలు ఒకదాని మీద ఒకటి, పుస్తకాలు పేర్చినట్టు, నిలువునా తెగి సముద్రంలోకి దిగుతాయి. ఆ పొరల అంచుల మీద నీటికాకులు గూళ్లు కట్టుకుని ఉంటాయి. వాటి రెట్టతో రాయంతా తెల్లగా చారలు పడి ఉంటుంది. కింద డయాస్ పేరుతో ఒక చిన్న బీచ్. అల వచ్చి రాతికి కొట్టుకున్నాక చప్పుడు మన దగ్గరికి చేరడానికి ఒక క్షణం పడుతుంది. కంటికి ముందు కనబడి, చెవికి తర్వాత వినబడుతుంది. మా ఆవిడ అది గమనించి, పిల్లలా లెక్కపెడుతూ కూర్చుంది.

ఇక లైట్‌హౌస్ సంగతి. మీరు కాస్త ఓపిగ్గా చదవాల్సింది ఇదే.

కేప్ పాయింట్ కొండ మీద పాత లైట్‌హౌస్ ఉంది. మీలో కొందరు ఫ్యూనిక్యులర్‌లో, అంటే వాలు మీద తాడుతో లాగే చిన్న రైలులో, అక్కడిదాకా తీసుకెళ్లి దింపుతారు. చాలామంది అదీ లేకుండా వచ్చేస్తారు. 1860లో వెలిగించిన దీపం అది, సముద్రమట్టానికి 238 మీటర్ల ఎత్తున. ఎంత ఎత్తున పెడితే అంత దూరం కనబడుతుందని కట్టారు. కనబడింది కూడా. వచ్చిన చిక్కు ఏమిటంటే, ఆ ఎత్తున తరచూ మేఘం పట్టేస్తుంది. దీపం లోపల వెలుగుతూనే ఉంటుంది, కింద ఓడలో ఉన్నవాడికి మాత్రం కనబడదు. ఆకాశం తేటగా ఉన్న రాత్రుల్లో ఇంకో చిక్కు. మరీ దూరం నుంచే కనబడటంతో ఓడలు ధీమాగా ఒడ్డుకు దగ్గరగా వచ్చేసేవి. 1911 ఏప్రిల్ 18 రాత్రి లూసిటానియా అనే పోర్చుగీసు ఓడ బెలోస్ రాక్ అనే బండను గుద్దుకుంది. 1915లో జర్మన్లు ముంచిన లూసిటానియా వేరు, అది బ్రిటిష్ ఓడ. ఈ ఓడలోని వాళ్లు దాదాపు అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ తర్వాతే దీపాన్ని కిందికి దించాలని నిర్ణయించి, 1919లో కొమ్ము చివర, 87 మీటర్ల ఎత్తున కొత్త లైట్‌హౌస్ వెలిగించారు.

ఇదంతా పుస్తకంలో చదివినప్పుడు నాకు ఒక మంచి సమాచారం, అంతే. ఆ రోజు మేం పాత లైట్‌హౌస్ దగ్గరికి ఎక్కేసరికి పదకొండు దాటింది. గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంటుండగా తూర్పు నుంచి మేఘం వచ్చింది. నిమిషాల మీద సముద్రం పోయింది, కొండ పోయింది, పది అడుగుల అవతల ఉన్న రెయిలింగు కూడా మసకగా మిగిలింది. శాలువా తడిసింది. వచ్చినవాళ్లంతా ‘ఇంకేం కనబడదు’ అనుకుంటూ రైలు వైపు మళ్లారు. మేం మాత్రం కొత్త లైట్‌హౌస్ వైపు కొండ అంచున వెళ్లే సన్నని కాలిబాట పట్టాం. కొంత దూరం దిగామో లేదో, తల మీద ఎవరో దుప్పటి ఎత్తినట్టు మేఘం పైనే ఆగిపోయింది. దాని కింద సముద్రం తేటగా, నీలంగా, అంచులదాకా కనబడుతోంది. బాట చివర రాతి మీద నుంచి చూస్తే కింద చిన్నగా, తెల్లగా కొత్త లైట్‌హౌస్. వెనక్కి తిరిగి పైకి చూస్తే పాత లైట్‌హౌస్ లేదు. ఉన్నచోట మేఘం ఉంది.

‘అందుకనా దీపం కిందికి తెచ్చారు!’ అంది మా ఆవిడ. ఆమె ఎనిమిదో తరగతి వరకే చదువుకుంది. నేను ఏళ్ల తరబడి చెప్పినా ఏ పిల్లవాడికీ అంత బాగా అర్థమై ఉండదు. ఆ నడక రానూ పోనూ గంటన్నర పట్టి ఉంటుంది. మీ పర్యాటకులకు ఆ గంటన్నర దొరకాలని నా కోరిక.

అగ్రానికి తూర్పున ఉన్న అఖాతం పేరు ఫాల్స్ బే. పెంగ్విన్లను చూడటానికి దాని ఒడ్డునే వెళ్తారు, ఆ పేరెందుకు వచ్చిందో మాత్రం మైకులో ఎవరూ చెప్పరు. తూర్పు నుంచి, అంటే మన వైపు నుంచి తిరిగి వెళ్లే ఓడలు హాంగ్‌క్లిప్ అనే ముందరి కొమ్మును చూసి అదే కేప్ పాయింట్ అనుకునేవి. ఇక కేప్‌టౌన్ రేవున్న టేబుల్ బే వచ్చేసింది, నీళ్లు, తిండి దొరుకుతాయని ఉత్తరానికి తిరిగి ఇందులో చిక్కుకునేవి. అందుకే అబద్ధపు అఖాతం. అదే పార్కులో డయాస్, గామా పేర్లతో రెండు శిలువలు ఉన్నాయి. జనం వాటిని స్మారకాలనుకుని ఫొటో తీసుకుంటారు. అవి ఓడలకు గుర్తులు కూడా. రెండూ ఒకే గీతలోకి వచ్చినట్టు కనబడితే, ఆ గీత ఫాల్స్ బే నీళ్లలో దాగున్న విటిల్ రాక్ అనే బండను చూపిస్తుంది. ఇవి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు, బస్సు కదులుతుండగానే చెప్పొచ్చు.

తూర్పు నుంచి తిరిగి వెళ్లే ఓడలు అన్నాను కదా. వాటిలో ఏముండేది? మిరియాలు, బట్టలు అని మేం బడిలో చెప్పాం. మనుషులు కూడా ఉండేవారని చెప్పలేదు, మా పుస్తకంలో అది లేదు. డచ్చి కంపెనీ 1652లో కేప్‌లో మజిలీ పెట్టింది. అప్పటికే దానికి మచిలీపట్నంలో, పులికాట్‌లో వర్తక స్థావరాలున్నాయి. 1652 నుంచి 1808 వరకు సుమారు 63,000 మందిని బానిసలుగా కేప్‌కు తెచ్చారనీ, వాళ్లలో దాదాపు నాలుగో వంతు భారత ఉపఖండం వాళ్లనీ చరిత్రకారుల అంచనా. బెంగాల్, మలబారు, కోరమాండల్ తీరాల నుంచి వాళ్లను తెచ్చారు. కోరమాండల్ అంటే మన కోస్తా కూడా. వాళ్ల అసలు పేర్లు తీసేసి, ఏదో ఒక పేరు తగిలించి, చివర ‘ఫాన్ బెంగాలెన్’ అనో ‘ఫాన్ కోరమాండల్’ అనో ఎక్కడి నుంచి తెచ్చారో ఆ ఊసు రాసేవారు. కేప్‌టౌన్ నడిబొడ్డున స్లేవ్ లాడ్జ్ అనే భవనం ఉంది. 1679లో కట్టారు, కంపెనీ తన బానిసలను ఉంచింది అందులోనే. ఇప్పుడది మ్యూజియం. కేప్‌టౌన్‌లో మా హోటల్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. మా ప్లాన్‌లో దాని పేరే లేదు. విమానం ఎక్కే రోజు పొద్దున నేనొక్కణ్నే పరుగున వెళ్లి చూసొచ్చాను.

ఓడ అడుగున ఉన్న ఆ మనుషులకు ఈ కొండకొమ్ము కనబడి ఉండదు. వాళ్లను దాటించుకుని వెళ్లింది మాత్రం దీని ముందు నుంచే. డయాస్ పేరు, గామా పేరు రాళ్ల మీద ఉన్నాయి. మచిలీపట్నం వైపు నుంచి వెళ్లినవాళ్ల గురించి ఒక తెలుగు బస్సులోనైనా ఒక మాట వినబడాలని నాకు గట్టిగా అనిపించింది. అందరికీ వినోదం కావాలి, బాధ పెట్టే కబుర్లు వద్దు అని మీరు అనుకోవచ్చు. నేను తిరిగొచ్చి మా బస్సులో పరిచయమైన నలుగురికి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. నలుగురూ ఒకే మాట అన్నారు: ‘అయ్యో మాస్టారూ, అక్కడుండగా తెలిస్తే బాగుండేది.’

ఇంకో సంగతి కూడా మైకుకు తెలియాలి. ఆ నేల డయాస్ కనుక్కున్నది కాదు. ఖోయిఖోయిలు, సాన్‌లు అనే స్థానిక తెగలవాళ్లు ఎంతో ముందు నుంచీ అక్కడ బతికారు, తీరం వెంట ఆల్చిప్పలు ఏరుకు తిన్న గుర్తులు ఇప్పటికీ గుట్టలుగా ఉన్నాయి. భారతదేశంలో పోర్చుగీసు మొదటి వైస్రాయి ఫ్రాన్సిస్కో డి అల్మీడా స్వదేశానికి తిరిగి వెళ్తూ టేబుల్ బేలో ఆగాడు. అతని మనుషులు ఖోయిఖోయిల ఊరి మీద పడ్డారు. 1510 మార్చి 1న జరిగిన ఆ పోరులో అల్మీడా, అతనితో పాటు యాభై మందికి పైగా చనిపోయారు. మన దేశ చరిత్ర పాఠంలో పెద్ద పేరున్న మనిషి కథ ఆ తీరంలో ముగిసింది.

మా గైడ్ చెప్పిన రెండు మాటలు సరిదిద్దాలి. ఇవి ఒక్క అతనే చెప్పేవి కావు, కాగితాల్లో కూడా అచ్చయి ఉన్నాయి. గుడ్‌హోప్ ఆఫ్రికాకు దక్షిణ కొస కాదు. ఆ బోర్డు మీదే నైరుతి కొస అని స్పష్టంగా రాసి ఉంది. దక్షిణ కొస అగల్హాస్ అగ్రం, ఆగ్నేయంగా దాదాపు 150 కిలోమీటర్ల దూరంలో. రెండు మహాసముద్రాల మధ్య హద్దుగా లెక్కగట్టేది కూడా అగల్హాస్ దగ్గరే. ‘అదుగో, అక్కడ నీళ్ల రంగు మారుతోంది చూడండి, అటు హిందూ మహాసముద్రం, ఇటు అట్లాంటిక్’ అని అతను వేలు పెట్టి చూపిస్తే మేమంతా కళ్లు చికిలించి చూశాం. కొందరికి గీత కనబడిందట కూడా. నిజానికి తూర్పు నుంచి వచ్చే వెచ్చని అగల్హాస్ ప్రవాహం, పడమటి తీరాన పైకి పోయే చల్లని బెంగ్వెలా ప్రవాహం కలిసే చోటు ఒకచోట నిలవదు, జరుగుతూ ఉంటుంది. లేని గీతను చూపించడం కంటే ఈ రెండు ప్రవాహాల గురించి చెబితే వినేవాళ్లు ఇంకా ఇష్టంగా వింటారు. నేను కూడా చాలా ఏళ్లు పిల్లలకు రెండు సముద్రాలు అక్కడే కలుస్తాయని చెప్పాను. అక్కడ చదివి తెలుసుకున్నాక, నాకు ఫోన్ నంబరు తెలిసిన పాత విద్యార్థులకు మెసేజ్ పెట్టాను.

ఆ కొండ మీద ఉన్న పొదల గురించి కూడా రాయాలి, ఎందుకంటే మనవాళ్లు వాటిని తొక్కుతూ వెళ్లడం కళ్లారా చూశాను. ఫైన్‌బోస్ అంటారు వాటిని, సన్నాకుల పొద అని అర్థం. చూడటానికి బీడు భూమిలో చెత్తపొదల్లాగే ఉంటాయి. ఆ చిన్న ప్రాంతంలోనే వెయ్యికి పైగా మొక్క జాతులున్నాయి. ఆ వైపు నేలంతా కలిపితే దాదాపు 9,000 జాతులు, వాటిలో ఎక్కువ భాగం ప్రపంచంలో మరెక్కడా పెరగవు. 2004లో యునెస్కో ఆ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వంలో చేర్చింది ఈ పొదల కోసమే. కొన్నిటి గింజలను చీమలు భూమిలోకి మోసుకుపోయి దాస్తాయి, తర్వాతెప్పుడో మంటలు వచ్చి పొద కాలిపోయాక అవి మొలకెత్తుతాయి. మా ఆవిడ చెక్క బాట మీద మోకాళ్ల మీద కూర్చుని, చేయి వెనక్కి పెట్టుకుని, ఒక బండ పగులులో మొలిచిన మొక్కను చాలాసేపు చూసింది. వేలంత కూడా లేదు. ఉప్పుగాలి కొట్టే వైపు ఆకులన్నీ రాతికి అతుక్కుపోయి, అవతలి వైపు మాత్రమే నాలుగు గులాబీ రంగు పూలు. బోర్డు దగ్గర ముందు రోజు ఫొటో కోసం పక్కకు జరిగినప్పుడు మా కాళ్ల కింద ఏం నలిగాయో అని ఆమె బాధపడింది. బస్సు దిగే ముందు ‘బాట దాటకండి, ఎందుకంటే ఇదీ’ అని ఒక్క మాట చెబితే మనవాళ్లు వింటారు.

బబూన్ల, అంటే అక్కడి పెద్ద కోతుల, విషయం అంతకంటే ముఖ్యం. మా బస్సులో ఒకరు కిటికీలోంచి చిప్స్ ప్యాకెట్టు విసిరారు, పిల్లలు చప్పట్లు కొట్టారు, ఎవరూ వారించలేదు. వాటికి తిండి పెట్టడం అక్కడ నేరం. పైగా మనుషుల తిండి రుచి మరిగిన బబూన్ కార్ల తలుపులు తీస్తుంది, చేతిలో సంచి లాక్కుంటుంది, ఇక అదుపు చేయలేని స్థితికి వస్తే చివరికి దాన్ని చంపేయాల్సి వస్తుంది. మర్నాడు పార్కింగ్‌లో ఒకావిడ చేతిలోంచి సంచి లాగేసి బబూన్ కారు మీదికి ఎక్కడం చూశాం. ఆమె చేయి గీరుకుపోయి వణికిపోతోంది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల మీదికి దిగి ఆల్చిప్పలు వలుచుకు తినడం అక్కడి కొన్ని గుంపులకు తెలుసు. మన చిప్స్ వాటికి అక్కర్లేదు.

ఇప్పుడు నేను అడిగేది. ఆ రోజు ప్లాన్‌లోంచి సీల్స్ పడవను, పెంగ్విన్లను వేరే రోజుకు మార్చండి. ‘షాపింగ్, విశ్రాంతి’ అని ఒక రోజంతా ఎలాగూ ఖాళీగానే ఉంది. అగ్రానికి పొద్దున్నే, గేటు తెరిచే వేళకు చేరేలా బయలుదేరండి. అప్పుడు బోర్డు దగ్గర క్యూ ఉండదు, మధ్యాహ్నానికి ముదిరే గాలి తక్కువగా ఉంటుంది. నడవగలిగినవాళ్లను చెక్క బాట మీద పైకి, తర్వాత కొత్త లైట్‌హౌస్ కనబడే చోటికి పంపండి. నడవలేని పెద్దవాళ్లకు ఫ్యూనిక్యులర్ టికెట్టు ముందే ప్యాకేజీలో కలపండి. అక్కడికి వెళ్లాక ‘ఎక్స్‌ట్రా’ అంటే చాలామంది మొహమాటపడి బస్సులోనే కూర్చుండిపోతారు.  గాలికి ఆగే కోటు, జారని చెప్పులు తెచ్చుకోమని ఇంటి దగ్గరే చెప్పండి. అంచు దగ్గర రెయిలింగు లేని చోట్ల ఫొటోల కోసం ముందుకు వెళ్లనివ్వకండి, అక్కడి గాలి ఒక్కసారిగా విసురుతుంది. స్థానిక గైడ్ ఒకరిని ఆ ఒక్క రోజుకైనా పెట్టుకుని, ఆయన చెప్పింది తెలుగులోకి మీ మనిషి చెప్పేలా చూడండి.

ఖర్చు కొంత పెరుగుతుందని తెలుసు. మాలాంటి రిటైరైనవాళ్లు ఏళ్లు కూడబెట్టి వస్తారు కాబట్టి రూపాయి రూపాయి చూసుకుంటారన్నదీ నిజమే. అయినా అడిగి చూడండి. ఇరవై అయిదు నిమిషాల అగ్రానికి ఇంత, రోజంతా అగ్రానికి ఇంత అని రెండూ పక్కపక్కన రాసి పెడితే ఏది ఎంచుకుంటారో జనమే చెబుతారు.

కొత్త ప్లాన్ కాగితం తయారైతే నాకొకటి పంపండి. మా వియ్యాలవారు వచ్చే ఏడాది వెళ్దామంటున్నారు. నాలుగో రోజు ఎదురుగా గుడ్‌హోప్ అగ్రం అన్న ఒక్క పేరే ఉంటే మేం నలుగురం వస్తాం. ఈసారి మేఘం రాకముందే పాత లైట్‌హౌస్ దగ్గరికి ఎక్కాలని మా ఆవిడ ఇప్పటి నుంచే అంటోంది.

ఇట్లు,
రిటైరైన ఒక సోషల్ మాస్టారు